ప్లస్ స్క్రూలకు సరైన బిట్ ఏది? బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో అద్దె ఫ్లాట్ మారినా, ఆన్‌లైన్‌లో మంచం తెప్పించుకున్నా, కిచెన్ కబోర్డ్ తలుపు వాలిపోయినా పని చివరికి ఒక చిన్న బిట్ దగ్గరికే వస్తుంది. బిట్ అంటే స్క్రూ తిప్పడానికి డ్రిల్ మిషన్‌కి తగిలించే చిన్న స్టీల్ మొన. మిషన్‌కి వేలు ఖర్చు పెట్టినవాళ్లు కూడా దానితో పాటు ఉచితంగా వచ్చిన బిట్‌తోనే అన్ని పనులూ లాగించేస్తుంటారు. స్క్రూ తల పాడవగానే తప్పు స్క్రూదే అనుకుంటారు. చాలాసార్లు తప్పు బిట్‌ది. మా అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో తెలుగువాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. వీలైనంత వివరంగా జవాబులు రాస్తున్నాను.

ప్లస్ స్క్రూలన్నీ ఒకటే కదా? ఒక బిట్ ఉంటే చాలదా?

చాలదు. పైకి ఒకేలా కనిపించే ప్లస్ గాడిలో మనకి తరచుగా తగిలే రకాలు మూడు. మొదటిది ఫిలిప్స్. బిట్ మీద పీహెచ్ అని ఉంటుంది. రెండోది పోజిడ్రైవ్, దాని గుర్తు పీజెడ్. మూడోది జపాన్ వాళ్ల జేఐఎస్. గాడి లోపలి వాలు, లోతు, మూలల ఆకారం ఈ మూడింటిలో మూడు రకాలు. ఒకదాని బిట్ మరొకదానిలో దూరుతుంది, తిరుగుతుంది కూడా. అందుకే ఎవరూ పట్టించుకోరు. స్క్రూ గట్టిగా బిగుసుకున్నాకే తేడా బయటపడుతుంది.

నా ముందున్న స్క్రూ ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

మొబైల్ టార్చ్ వేసి తలని దగ్గర నుంచి చూడండి. ప్లస్ గుర్తు నాలుగు చేతుల మధ్య, ఏటవాలుగా, సన్నటి గీతలు నాలుగు కనిపిస్తే అది పోజిడ్రైవ్. ఆ గీతలు లేకుండా తల మీద ఒక మూల చిన్న చుక్క నొక్కినట్టు ఉంటే జేఐఎస్. రెండూ లేకపోతే ఎక్కువగా ఫిలిప్స్ అయి ఉంటుంది. అయితే జపాన్ డిజైన్ వస్తువుల్లో చుక్క లేని జేఐఎస్ స్క్రూలు కూడా ఉంటాయి. బైక్, కెమెరా, ప్రింటర్ లాంటివైతే చుక్క లేకపోయినా అనుమానించడం మంచిది.

మరి బిట్‌ని చూసి గుర్తుపట్టడం ఎలా?

పక్క మీద చెక్కిన అక్షరాలు చూడండి. అవి చెరిగిపోయి ఉంటే మొన వైపు నుంచి చూడండి. నాలుగు రెక్కల మధ్య సన్నటి కొసలు పొడుచుకొచ్చి ఉంటే పీజెడ్. పీహెచ్ రెక్కలు మొన దగ్గరికి వచ్చేకొద్దీ సన్నబడతాయి. పీజెడ్ రెక్కల అంచులు దాదాపు సమాంతరంగా ఉంటాయి, మొన కూడా కాస్త మొద్దుగా ఉంటుంది. రెండు బిట్‌లూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూస్తే ఆ తర్వాత కంటికే తెలిసిపోతుంది.

పీహెచ్ బిట్‌తో పీజెడ్ స్క్రూ తిప్పుతున్నాను, పని అయిపోతూనే ఉంది. ఇందులో ఇబ్బంది ఏముంది?

పని అయ్యేది మెత్తటి చెక్కలో, చిన్న స్క్రూలతో. పీహెచ్ బిట్ రెక్కలు వాలుగా ఉంటాయి కాబట్టి పీజెడ్ గాడి గోడలకు పూర్తిగా ఆనవు. బలమంతా కొద్దిచోట్లే పడుతుంది, అక్కడే గాడి అరుగుతుంది. బిగించేటప్పుడు తెలియకపోవచ్చు. రెండేళ్ల తర్వాత ఇల్లు మారుతూ వార్డ్‌రోబ్ విప్పాల్సి వస్తే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

తిరగేసి, పీజెడ్ బిట్‌ని పీహెచ్ స్క్రూలో పెడితే అది అడుగు దాకా దిగనే దిగదు. పైపైన నిలబడుతుంది. ఇది ఇంకా చెడ్డది.

సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి తేలిక పరీక్ష ఏదైనా ఉందా?

ఉంది. అయస్కాంతం లేని హోల్డర్‌లో (బిట్‌ని పట్టుకునే గొట్టం లాంటిది) బిట్ పెట్టి, దాని మొనకి స్క్రూ తగిలించి, చేతిని అడ్డంగా చాపండి. సరైన జత అయితే స్క్రూ చాలావరకు కింద పడకుండా మొనకే పట్టుకుని ఉంటుంది. తర్వాత స్క్రూని వేళ్లతో పట్టుకుని బిట్‌ని అటూ ఇటూ వంచి చూడండి. బిట్ గాడిలో ఆడకూడదు. ఊగుతుంటే సైజు తప్పు, లేదా రకం తప్పు, లేదా బిట్ అరిగిపోయింది. మిషన్ ఆన్ చేయకముందే ఇది చూసుకుంటే స్క్రూలు చాలా మిగులుతాయి.

సైజు 1, 2, 3 అంటారు. ఏది దేనికి?

ఇంట్లో పనికి ముప్పాతిక వంతు 2 నంబరే. 3.5 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క స్క్రూలు, ఫాల్స్ సీలింగ్ జిప్సమ్ బోర్డుకి కొట్టే నల్ల స్క్రూలు, కర్టెన్ రాడ్ బ్రాకెట్లు, తలుపు గొళ్లేలు అన్నీ 2 లోకే వస్తాయి. ఎం2.5, ఎం3 లాంటి సన్న స్క్రూలకి 1 (ఎం పక్కన ఉన్న అంకె స్క్రూ మందం, మిల్లీమీటర్లలో). ఎం6 లాంటి లావు వాటికి 3. 1 కన్నా చిన్నవాటికి 0, 00, 000 ఉంటాయి. అవి లాప్‌టాప్, కళ్లజోడు పనికి.

జనం ఎక్కువగా పాడుచేసేది 3 నంబర్ స్క్రూలని. ఇంట్లో ఉన్నది 2 నంబర్ బిట్, అది 3 నంబర్ గాడిలోకి సులువుగా దిగిపోతుంది, తిరుగుతుంది కూడా. కానీ గాడి గోడలకి దూరంగా, మధ్యలో మాత్రమే పట్టుకుంటుంది. బలం పెట్టగానే జారి బయటికి వచ్చేస్తుంది. గాడిలో దిగే సైజుల్లో అన్నిటికన్నా పెద్దదే సరైన సైజు అని గుర్తుపెట్టుకోండి.

కిచెన్ కబోర్డ్ తలుపు కిందికి జారింది. హింజ్ స్క్రూకి ఏ బిట్?

మాడ్యులర్ కిచెన్లలో వాడే యూరోపియన్ డిజైన్ హింజ్‌లకి ఎక్కువగా పీజెడ్ 2. బెంగళూరు ఫ్లాట్లలో ఈ ఒక్క పనికే పీజెడ్ 2 బిట్ కొనుక్కోవచ్చు, అంత తరచుగా అవసరం పడుతుంది. నాగసంద్ర ఐకియా నుంచి తెచ్చుకున్న సామాన్లలో కూడా ప్లస్ స్క్రూలు చాలావరకు పోజిడ్రైవే. ఆ షోరూమ్ 2022లో తెరిచాక ఊళ్లో పీజెడ్ స్క్రూలు ఉన్న ఇళ్లు బాగా పెరిగాయి, పీజెడ్ బిట్ ఉన్న ఇళ్లు మాత్రం అంతగా పెరగలేదు.

హింజ్ తెరిచి చూస్తే తలుపుకి దగ్గరగా ఉన్న స్క్రూ తిప్పితే తలుపు పక్కకి జరుగుతుంది. వెనకాల ఉన్న స్క్రూ తలుపుని లోపలికి, బయటికి జరుపుతుంది. కబోర్డ్ పక్క పలకకి బిగించిన ప్లేట్ స్క్రూలు వదులు చేస్తే పైకి, కిందికి సర్దుకోవచ్చు. ఒక్కో స్క్రూని పావు చుట్టు తిప్పి, తలుపు మూసి చూడండి. తలుపుకి రెండు హింజ్‌లుంటే రెండూ కొద్దికొద్దిగా తిప్పాలి. ఒక్కదాన్నే లాగితే తలుపు మెలిపడుతుంది. ఈ పనికి చేతి స్క్రూడ్రైవర్ వాడండి. మిషన్ పెట్టారంటే ఆ సన్నటి సర్దుబాటు స్క్రూ గాడి ఒక్క క్షణంలో పోతుంది, హింజ్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

ఫిలిప్స్ బిట్ అసలు ఎందుకు పైకి జారి వచ్చేస్తుంది?

దాని ఆకారమే అలాంటిది. గాడి గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి మనం తిప్పే బలంలో కొంత భాగం బిట్‌ని బయటికి తోసే బలంగా మారుతుంది. తిప్పే బలం పెరిగేకొద్దీ తోసే బలమూ పెరుగుతుంది. దాన్ని మన చెయ్యి ఆపలేనప్పుడు బిట్ ఎగిరి వస్తుంది, వస్తూ వస్తూ గాడి అంచుని గీరేస్తుంది.

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కి చెందిన హెన్రీ ఫిలిప్స్ ఈ స్క్రూ పేటెంట్లు 1936లో పొందాడు. మూల ఆలోచన జాన్ థాంప్సన్‌ది. దాన్ని కొనుక్కుని, మెరుగుపరిచి, ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్లింది ఫిలిప్స్. బిట్ గాడి మధ్యలోకి తనంతట తనే వచ్చి కూర్చోవడం కార్ల తయారీ లైన్లకి బాగా నచ్చింది. ఎక్కువ బిగించకుండా ఉండటానికే కావాలని జారేలా చేశారని ఒక మాట చాలామంది చెబుతారు. తొలి పేటెంట్లలో ఆ మాట లేదు. 1949లో వచ్చిన తర్వాతి పేటెంట్‌లో మాత్రం ఆ ప్రస్తావన ఉంది. జారడం తగ్గించాలనే 1960ల్లో పోజిడ్రైవ్ వచ్చింది.

ఆ జారుడుకి మన చేతిలో ఉన్న మందు ఒకటే: బిట్‌ని స్క్రూకి తిన్నగా పెట్టి, గట్టిగా నొక్కి, నెమ్మదిగా తిప్పడం. మిషన్ వెనక అరచేయి ఆనించి, ముంజేయి స్క్రూతో ఒకే గీతలో ఉండేలా నిలబడండి.

మిషన్ మీద నంబర్లున్న రింగ్ దేనికి?

అది క్లచ్, అంటే బిగింపు ఒక హద్దు దాటగానే బిట్‌ని తిప్పడం ఆపేసే ఏర్పాటు. తక్కువ నంబర్‌తో మొదలుపెట్టండి. స్క్రూ తల బోర్డుకి సమానంగా రాకముందే టకటకమని చప్పుడు వస్తే ఒక్కో నంబర్ పెంచండి. డ్రిల్ గుర్తు మీద పెట్టి స్క్రూలు కొట్టకండి, అక్కడ క్లచ్ పని చేయదు. రెండు గేర్లున్న మిషన్ అయితే స్క్రూలకి 1 మీదే ఉంచాలి.

క్రోమ్ వనాడియం మంచిదా, ఎస్2 స్టీల్ మంచిదా?

రెండూ టూల్స్‌కి వాడే స్టీల్ రకాలే. బిట్ అయితే ఎస్2. చేతి స్క్రూడ్రైవర్ కడ్డీ అయితే క్రోమ్ వనాడియం చాలు.

ఎస్2 అనేది దెబ్బలు తట్టుకోవడానికి తయారుచేసిన టూల్ స్టీల్. అందులో కార్బన్ సుమారు 0.5 శాతం, సిలికాన్ సుమారు 1 శాతం, కొంచెం మాలిబ్డినం ఉంటాయి. మంచి ఎస్2 బిట్‌ల గట్టితనం సాధారణంగా 58 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ (స్టీల్ గట్టితనం కొలిచే రాక్‌వెల్ స్కేల్) మధ్య ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. స్టీల్‌ని ఎంత గట్టిగా చేస్తే అంత తక్కువ అరుగుతుంది, కానీ అంత సులువుగా విరుగుతుంది. మెత్తగా వదిలేస్తే విరగదు, కానీ రెక్కలు మెలితిరిగి గుండ్రం అయిపోతాయి. ఈ రెండింటి మధ్య సరైన చోట ఆపడం హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్ల పనితనం. అందుకే ప్యాకెట్ మీద ఎస్2 అని ఉన్నంత మాత్రాన సరిపోదు. పేరున్న కంపెనీ ఎస్2 బిట్, పేరు లేని ఎస్2 బిట్ ఒకే రకంగా పని చేయవు. మెటల్ పేరు కన్నా మొన ఎంత కచ్చితంగా కోశారో చూడటం ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. కొత్త బిట్ మొనని వెలుతురులో తిప్పి చూడండి. నాలుగు రెక్కలూ ఒకే మందంలో ఉండాలి, అంచులు పదునుగా ఉండాలి. ఒక రెక్క లావుగా, ఒకటి సన్నగా ఉంటే, లేదా కోటింగ్ గడ్డకట్టి మూలలు పూడిపోయి ఉంటే అక్కడే తిరిగిచ్చేయండి.

బంగారు రంగు బిట్‌లు ఎక్కువ కాలం వస్తాయా?

అది నిజంగా టైటానియం నైట్రైడ్ పూత అయితే అరుగుదల కొంత తగ్గుతుంది. చవక సెట్లలో అది రంగు మాత్రమే. లోపలి స్టీల్ బాగా లేకపోతే ఏ పూతా కాపాడదు. పూతల్లో నాకు నమ్మకమున్నది మొన మీద సన్నటి వజ్రపు రవ్వ అద్దిన బిట్‌లు. ముట్టుకుంటే గరుకుగా తెలుస్తుంది. స్టీల్‌ని కరిచి పట్టుకుంటాయి కాబట్టి జారడం తగ్గుతుంది. కొన్ని జర్మన్ కంపెనీలు ఇవి చేస్తాయి. ధర ఎక్కువే. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు ఎక్కువగా వాడేవాళ్లకి పెట్టిన డబ్బు దండగ కాదు, ఎందుకంటే ఆ స్క్రూల గాడి మెత్తగా ఉండి తొందరగా చెడుతుంది.

ఇంపాక్ట్ డ్రైవర్ కొన్నాను. పాత బిట్‌లే వాడొచ్చా?

వాడకండి. ఇంపాక్ట్ డ్రైవర్ తిప్పుతూనే సుత్తి దెబ్బలు వేస్తుంది. మామూలు బిట్ మెడ దగ్గర టక్కున విరుగుతుంది. విరిగిన ముక్క ముఖం మీదికి రావచ్చు, కళ్లద్దాలు తప్పనిసరి. ఇంపాక్ట్‌కి అని రాసి ఉన్న బిట్‌లకి నడుము దగ్గర సన్నటి భాగం ఉంటుంది. దెబ్బ పడినప్పుడు ఆ భాగం కొద్దిగా మెలిపడి, ఆ తాకిడి మొన దాకా పోకుండా మింగేస్తుంది.

వంద ముక్కల సెట్ కొననా?

వద్దు. అందులో మీరు జీవితంలో వాడని ఆకారాలు ఎనభై ఉంటాయి, రోజూ వాడే పీహెచ్ 2 ఒకటో రెండో ఉంటాయి, అవీ అంతంతమాత్రం. ఆ డబ్బుతో మంచి కంపెనీ పీహెచ్ 2 ఒక చిన్న ప్యాకెట్, పీజెడ్ 2 రెండు, పీహెచ్ 1 ఒకటి, పీహెచ్ 3 ఒకటి, ఒక మంచి హోల్డర్ తీసుకోండి. హోల్డర్ ముఖ్యం. చవక హోల్డర్‌లో బిట్ వంకరగా కూర్చుంటే ఎంత మంచి బిట్ అయినా ఊగుతుంది.

పొడవు గురించి కూడా ఒక మాట. 25 మిల్లీమీటర్ల పొట్టి బిట్ హోల్డర్‌లోకి, 50 మిల్లీమీటర్లది నేరుగా మిషన్ చక్‌లోకి, అంటే ముందున్న పట్టులోకి. రెండింటికీ వెనక భాగం పావు అంగుళం ఆరు పలకలే. అవసరం లేకుండా పొడవు బిట్ వాడితే మొన దగ్గర ఊపు పెరుగుతుంది.

బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయి? షాపులో ఏమని అడగాలి?

కేఆర్ మార్కెట్ పక్కన ఎస్‌జేపీ రోడ్. టూల్స్ షాపులు వరసగా ఉంటాయి, మెట్రోలో మార్కెట్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. లాప్‌టాప్, మొబైల్ పనికి వాడే సన్న బిట్‌లకి అక్కడికి దగ్గర్లోనే ఎస్పీ రోడ్. బైక్ సామానుకి జేసీ రోడ్.

"స్టార్ బిట్" అని అడిగితే షాపాయన ప్లస్ బిట్ ఇస్తాడు, అదీ పీహెచ్ 2. పీజెడ్ కావాలంటే పేరు పెట్టే అడగాలి. "అన్నా, పీజెడ్ టూ కావాలి, పీహెచ్ వద్దు, ఎస్2లో మంచి కంపెనీది చూపించు" అంటే సరిపోతుంది. ఈ షాపుల్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు బాగానే ఉంటారు. మీ స్క్రూ ఒకటి జేబులో వేసుకెళ్లి అక్కడే బిట్ పెట్టి చూడటం అన్నిటికన్నా మేలు. ఆదివారం పొద్దున చిక్‌పేట వైపు జరిగే సెకండ్‌హ్యాండ్ సంతలో రెంచీలు, సుత్తులు కొనండి, బిట్‌లు మాత్రం కొనకండి. వాడేసిన బిట్ ఎంత చవకైనా పనికిరాదు.

బైక్ స్క్రూలు ఎందుకు అంత తొందరగా పాడవుతాయి?

మన రోడ్ల మీద తిరిగే బైక్‌లు చాలావరకు జపాన్ డిజైన్ సంప్రదాయంలోవి. వాటి ప్లస్ స్క్రూలు జేఐఎస్. ఫిలిప్స్ బిట్ మొన ఆ గాడిలో అడుగు తగిలి ఆగిపోతుంది, రెక్కలు పూర్తిగా ఆనవు. బెంగళూరు కుర్రాళ్లు ప్రాణంగా చూసుకునే పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ ఇంజిన్ పక్క కవర్లే తీసుకోండి. అక్కడున్నవి ఎం6 స్క్రూలు, అంటే 3 నంబర్. అల్యూమినియంలో ఏళ్ల తరబడి బిగుసుకుని ఉంటాయి. దాని మీద 2 నంబర్ ఫిలిప్స్ పెట్టి తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. డిస్క్ బ్రేక్ ఉన్న బైక్‌లలో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీది రెండు స్క్రూల పరిస్థితి కూడా ఇంతే, కాకపోతే అవి చిన్నవి.

వీటికి జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోండి. జపాన్ కంపెనీ వెస్సెల్ లాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. జేఐఎస్ మొన మామూలు ఫిలిప్స్ స్క్రూల్లో కూడా బాగానే కూర్చుంటుంది కాబట్టి డబ్బు వృథా కాదు. బిగుసుకున్న ఇంజిన్ స్క్రూలకి సుత్తితో కొడితే తిరిగే చేతి ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటుంది, జేసీ రోడ్‌లో అడగండి. దెబ్బ బిట్‌ని గాడిలోకి దించుతుంది, అదే క్షణంలో తిప్పుతుంది. ముందు రోజు రాత్రి తుప్పు వదిలే ఆయిల్ వేసి ఉంచితే ఇంకా మంచిది.

ఎంసీబీ టెర్మినల్ స్క్రూ ప్లస్సా, మైనస్సా?

ఎంసీబీ అంటే కరెంటు బోర్డులో ఉండే బ్రేకర్ స్విచ్, టెర్మినల్ అంటే అందులో వైరు బిగించే చోటు. ఆ స్క్రూ రెండూ కలిసి ఉంటుంది. ప్లస్‌లో ఒక గీత వెడల్పుగా, పొడుగ్గా కనిపిస్తుంది. ఎక్కువ కంపెనీలవి పీజెడ్ 2కి సరిపడేవే. పీహెచ్‌తో తిప్పితే బిగిసినట్టే అనిపిస్తుంది కానీ పూర్తిగా బిగియదు. వదులు టెర్మినల్ వేడెక్కి వైరు కాలిపోతుంది. మెయిన్ ఆఫ్ చేసినా దానికి కరెంటు వచ్చే వైపు టెర్మినళ్లు లైవ్‌లోనే ఉంటాయి, కాబట్టి బోర్డు తెరిచే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. ఆయన చేతిలో 1000 వోల్టుల ఇన్సులేషన్ గుర్తున్న స్క్రూడ్రైవర్ ఉందో లేదో మీరు చూసుకోండి. మామూలు బిట్, మిషన్ అక్కడ పెట్టకూడదు.

లాప్‌టాప్‌కి?

పీహెచ్ 0, కొన్నిటికి పీహెచ్ 00. చేత్తోనే తిప్పాలి. మొదటిసారి విప్పేటప్పుడు స్క్రూ బిగుతుగా ఉంటుంది, దాని మర మీద నీలం రంగు పూత ఉంటుంది కాబట్టి. పైనుంచి బాగా నొక్కి, ఆపకుండా ఒక్కసారి తిప్పండి.

బిట్ ఎప్పుడు పారేయాలి?

మనం అనుకునేదానికన్నా ముందే. మొనని పక్క నుంచి చూడండి. రెక్కల అంచులు మెరుస్తూ, గుండ్రంగా అనిపిస్తే దాని పని అయిపోయింది. కొత్త స్క్రూలో పెట్టినా ఊగుతుంటే అదీ అంతే. అరిగిన బిట్ ఊరుకోదు, ప్రతి స్క్రూ గాడినీ కొంచెం కొంచెం తినేస్తుంది. పది స్క్రూలు పాడైతే అయ్యే నష్టం కన్నా కొత్త బిట్ చవక. ఇంటికి వచ్చిన కార్పెంటర్ మిషన్‌లో అరిగిన బిట్ కనిపిస్తే మొహమాటపడకుండా మీ కొత్త బిట్ తీసి ఇవ్వండి. నేను ఎప్పుడూ అదే చేస్తాను, ఎవరూ తప్పుగా అనుకోలేదు.

గాడి పూర్తిగా పోయింది. స్క్రూ బయటికి తీయడం ఎలా?

ముందు మిషన్ పక్కన పెట్టేయండి. గాడిలో ఉన్న దుమ్ము, పెయింట్ సూదితో గీకి తీయండి. చాలాసార్లు బిట్ దిగకపోవడానికి కారణం అదే. ఆ తర్వాత కొత్త బిట్ పెట్టి, చేతి స్క్రూడ్రైవర్‌తో, ఒంటి బరువంతా వేసి తిప్పి చూడండి. దాంతో రాకపోతే బిట్ మొనకి కొంచెం వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ రాయండి. ఆటో స్పేర్స్ షాపుల్లో చిన్న డబ్బాలో దొరుకుతుంది. అందులోని గరుకు రవ్వ గాడికి పట్టు ఇస్తుంది. ఇది నిజంగా పని చేసే చిట్కా. రబ్బర్ బ్యాండ్ పెట్టే చిట్కా ఇంటర్నెట్‌లో బాగా తిరుగుతుంది కానీ బిగుసుకున్న స్క్రూ మీద దాని వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

తల బయటికి పొడుచుకుని ఉంటే హాక్సా బ్లేడుతో అడ్డంగా గాడి కోసి మైనస్ స్క్రూడ్రైవర్‌తో తిప్పొచ్చు, లేదా లాకింగ్ ప్లయర్‌తో పట్టుకోవచ్చు. చెక్కలో పూర్తిగా దిగిపోయి ఉంటే ఎడమ వైపు తిరిగే ఎక్స్‌ట్రాక్టర్ బిట్ కొనాలి. అది గాడిని కొరుక్కుంటూ దిగి స్క్రూని వెనక్కి తిప్పుతుంది.

టేకులో, గట్టి చెక్కలో స్క్రూ సగంలో ఆగిపోతోంది. బిట్ మార్చాలా?

బిట్ కాదు, పద్ధతి మార్చాలి. ముందు స్క్రూ నడుము కన్నా కొద్దిగా సన్నటి డ్రిల్ బిట్‌తో రంధ్రం చేయండి. స్క్రూ మరకి కొవ్వొత్తి మైనం రుద్దండి. తేలిగ్గా దిగుతుంది.

అయస్కాంతం ఉన్న బిట్ మంచిదేనా?

ఇనుప స్క్రూలకి సౌకర్యమే. స్టెయిన్‌లెస్ స్క్రూలని చాలావరకు అయస్కాంతం పట్టుకోదు, అక్కడ బిట్ గాడిలో బిగుతుగా కూర్చోవడం ఒక్కటే ఆధారం. మొనకి అంటిన ఇనుప రజను మాత్రం పని మొదలుపెట్టే ముందు గుడ్డతో తుడవండి, లేకపోతే బిట్ అడుగు దాకా దిగదు.